గోడ మీద పేరు, రిజిస్టర్లో పేరు
(ఊరు – వాడ – బడి: ఏడో భాగం)



ఈ భాగం బడి గోడ గురించి. గోడ మీద చెక్కే పేర్ల గురించి. ఒక బడిలో చదువుకుని, యుద్ధానికి పోయి, తిరిగి రాని వాళ్ళ పేర్లు ఆ బడి ఎందుకు రాసి పెట్టుకుంటుంది? ఎవరి పేర్లు రాస్తుంది? ఎవరి పేర్లు రాయదు? "ఇది మనకెందుకన్నా, మన బడుల్లో తాగడానికి నీళ్ళే లేవు" అని కొందరు తమ్ముళ్ళు అంటారని నాకు తెలుసు. చివరిదాకా చదివి అప్పుడు అడగండి.

ఇంగ్లండులో వించెస్టర్ కాలేజీ అని ఒకటి ఉంది. పేరులో కాలేజీ ఉన్నా అది బడే. 1382లో పెట్టిన బోర్డింగ్ బడి. దొరబిడ్డలు చదివే చోటు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఒక్క బడిలో చదివిన వాళ్ళు 500 మంది చనిపోయారు. వాళ్ళ కోసం బడి ఆవరణలోనే నాలుగు వైపులా వసారా, మధ్యలో ఖాళీ ఉన్న మండువా లాంటి కట్టడం కట్టారు. వార్ క్లోయిస్టర్ అంటారు. 1924లో ప్రారంభమైంది. గోడల మీద 500 పేర్లూ ఉన్నాయి. దాన్ని ఎక్కడో మూలన కట్టలేదు. పిల్లలు తాము ఉండే ఇళ్ళ నుంచి తరగతులకు నడిచే దారిలో కట్టారు. వందేళ్ళుగా అక్కడి పిల్లలు పాఠానికి పోతూ వస్తూ ఆ పేర్ల మధ్య నుంచే నడుస్తున్నారు.

ఈటన్ బడి సంగతీ అంతే. ఆ యుద్ధంలో ఈటన్ పూర్వ విద్యార్థులు 1,100 మందికి పైగా చనిపోయారు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. దొరబిడ్డలు వెనక దాక్కుని పేదవాళ్ళను ముందుకు తోశారని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ యుద్ధంలో అలా జరగలేదు. పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు చిన్న ఆఫీసర్లుగా పోయి, తమ దళానికి ముందు నడిచి, మొదటి తూటాకే పడిపోయారు. బ్రిటిష్ సైన్యం మొత్తంలో సుమారు ఎనిమిది మందిలో ఒకరు చనిపోతే, ఈటన్ నుంచి పోయిన వాళ్ళలో ఐదుగురిలో ఒకరు చనిపోయారు. ఆ తల్లులదీ కడుపుకోతే. దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

నా ప్రశ్న వేరు. ఆ గోడ ఏం చెబుతోంది?

దేశభక్తి గురించి చెబుతోందని అందరూ అనుకుంటారు. కాదు. దీనికి రుజువు అదే వించెస్టర్‌కు అక్క వరస అయిన సంస్థలో ఉంది. వించెస్టర్ బడిని పెట్టిన బిషప్ విలియం ఆఫ్ వికమ్ ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీ కూడా పెట్టాడు. ఆ కాలేజీ ప్రార్థనాలయంలో యుద్ధంలో చనిపోయిన తమ విద్యార్థుల పేర్లు చెక్కారు. అవి కాక ఇంకో చిన్న ఫలకం కూడా ఉంది. దాని మీద మూడు పేర్లున్నాయి. ముగ్గురూ జర్మన్లు. ఈ కాలేజీలో చదివి, సొంత దేశానికి తిరిగిపోయి, ఇంగ్లండు మీద యుద్ధం చేసి చనిపోయిన వాళ్ళు. పరదేశం నుంచి వచ్చి ఈ చోటి వారసత్వంలో భాగమయ్యారు అనే అర్థం వచ్చే మాట రాసి మరీ వాళ్ళ పేర్లు చెక్కారు.

శత్రువు పేరండీ! తమ పిల్లల్ని చంపిన సైన్యంలో పనిచేసిన వాడి పేరు! ఎందుకు చెక్కారు? ఎందుకంటే వాడు ఇక్కడ చదివాడు. వాడి పేరు రిజిస్టర్లో ఉంది. రిజిస్టర్లో పేరుంటే వాడు మావాడు. ఎటువైపు నిలబడి చనిపోయినా మావాడే.

అంటే బడి గోడ మీద చెక్కే పేరు దేశం కోసం చచ్చిపోయినందుకు ఇచ్చే బహుమానం కాదు. "వీడు మా బడి బిడ్డ" అని బడి చేసే ప్రకటన. చావు ఒక సందర్భం మాత్రమే. అసలు విషయం చేరిక. బడి ఎవరిని తన బిడ్డగా ఒప్పుకుందో వాళ్ళ పేరే గోడ ఎక్కుతుంది.

ఇప్పుడు మనవైపు చూద్దాం.

వించెస్టర్ కట్టడానికి నమూనా గీసిన వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్. ఢిల్లీలో సెక్రటేరియట్ భవనాలు కట్టించిన ఆయనే. ఫ్రాన్సులో నవ్ షపెల్ అనే ఊళ్ళో భారతీయ సైనికుల స్మారకానికి కూడా ఆయనే నమూనా గీశాడు. 1927లో ప్రారంభించారు. పడమటి రణరంగంలో చనిపోయి, సమాధి దొరకని 4,700 మందికి పైగా మన సిపాయిల పేర్లు అక్కడ ఉన్నాయి. ఇంతవరకు బాగానే ఉంది. యూరపులో, తెల్లవాళ్ళు చూసే చోట, నల్ల సిపాయి పేరు కూడా రాశారు.

మరి యూరపు బయట?

ఇరాక్‌లో, అప్పటి మెసపటేమియాలో, బస్రా స్మారకం ఉంది. 40 వేల మందికి పైగా మృతుల కోసం కట్టింది. ఎక్కువమంది మన దేశం నుంచి పోయిన వాళ్ళే. అక్కడ బ్రిటిష్ వాళ్ళ పేర్లు చెక్కారు. భారతీయ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయికి వచ్చేసరికి రెజిమెంటు పేరు రాసి, కింద ఒక అంకె వేశారు. ఇంతమంది అని. అంతే.

యుద్ధ సమాధులు చూసే సంస్థ నియమం ఏమిటో తెలుసా? హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరికీ సమాన స్మారకం. కాగితం మీద ఎంత గొప్ప నియమమో చూడండి. మన రాజ్యాంగం 17వ అధికరణం లాంటిదే. కాగితం మీద ఉంది. 2021లో ఆ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థే తన పాత లెక్కలు తవ్వి ఒక నివేదిక ఇచ్చింది. 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్ళతో సమానంగా స్మరించలేదని ఒప్పుకుంది. ఇంకో లక్షా 16 వేల మందికి తక్కువ కాకుండా, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో స్మరించలేదని, కొందరిని అసలు స్మరించనే లేదని చెప్పింది. వీళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా వాళ్ళు, ఈజిప్టు వాళ్ళు, మనవాళ్ళు. అప్పట్లో ఆఫ్రికాలో ఒక బ్రిటిష్ గవర్నరు తన వలసలోని మామూలు మనిషికి సమాధి రాయి విలువ అర్థం కాదని అన్నాడు.

ఈ మాట మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? "వాళ్ళకు చదువెందుకు, అర్థం కాదు." "వాళ్ళకు గుడి ఎందుకు, అలవాటు లేదు." "వాళ్ళకు మంచి ఇల్లెందుకు, ఉండలేరు." ఇవ్వకూడదని ముందే నిర్ణయించుకున్న వాడు, తీసుకునే వాడికి అర్హత లేదని తర్వాత కారణం వెతుక్కుంటాడు. వలస పాలకుడైనా అంతే, ఊళ్ళో పెత్తందారైనా అంతే.

అదే యుద్ధం తర్వాత మన దేశంలో చాలా ఊళ్ళల్లో చిన్న రాతి ఫలకాలు పెట్టారు. పంజాబు నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ దాకా ఇవి కనిపిస్తాయి. వాటి మీద ఏముంటుంది? ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలు ఇచ్చారు. రెండు అంకెలు. పేర్లు లేవు. ఇంగ్లండులో ఒక్కో బడికి ఐదొందల పేర్లు, వెయ్యి పేర్లు. ఇక్కడ ఒక్కో ఊరికి రెండు అంకెలు.

అంకెల్లో కూడా చేరని వాళ్ళున్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశం నుంచి సైన్యంలో చేరిన సుమారు 14 లక్షల మందిలో ఐదు లక్షలకు పైగా తుపాకి పట్టిన వాళ్ళు కాదు. కూలీలు, మూటలు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు, గుర్రాల సాయిసులు, మరుగుదొడ్లు ఊడ్చేవాళ్ళు. సైన్యం భాషలో వీళ్ళను ఫాలోయర్లు అన్నారు. వెంట నడిచేవాళ్ళు అని. చరిత్రకారిణి రాధికా సింఘా వీళ్ళ మీద ఒక పెద్ద పుస్తకమే రాశారు. సముద్రం దాటితే కులం పోతుందన్నారు కదా? సముద్రం దాటినా పాకీ పని కులాన్ని వెతుక్కుంటూ పోయి మరీ పట్టుకుంది. బాంబు పడితే సిపాయికీ, పాకీ పని చేసే మనిషికీ తేడా చూడదు. జ్వరం వస్తే అసలే చూడదు. తేడా చూసింది రాయి చెక్కినవాడే.

"పేరు ఉంటే ఏంటి, అంకె ఉంటే ఏంటి అన్నా? చచ్చినవాడు తిరిగి రాడు కదా" అనొచ్చు. పేరు ఉంటే ఏమవుతుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. భీమా కోరేగావ్ గుర్తు తెచ్చుకోండి. 1818 జనవరి 1 నాటి యుద్ధంలో చనిపోయిన కంపెనీ సిపాయిల పేర్లు ఆ స్తంభం మీద ఉన్నాయి. అది మన కోసం కట్టిన స్తంభం కాదు. కంపెనీ తన గెలుపు చాటుకోవడానికి కట్టుకుంది. కాని పేర్లు చెక్కింది. ఆ 49 పేర్లలో 22 పేర్లు "నాక్" అనే తోకతో ముగుస్తాయి. అంటే మహర్లు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి పోయి నిలబడ్డారు. అప్పటినుంచి అది మనది. తన గెలుపు కోసం పాలకుడు కట్టుకున్న స్తంభాన్ని, పేర్లు ఉన్నాయి కాబట్టి, నూట తొమ్మిదేళ్ళ తర్వాత మనం మనదిగా చదువుకోగలిగాం. ఆ స్తంభం మీద "చనిపోయిన స్థానిక సిపాయిలు: 49" అని మాత్రమే ఉండి ఉంటే? బాబాసాహెబ్ అక్కడ ఎవరిని చదివేవారు? అంకెకు మనవడు ఉండడు. అంకెను తాత అని పిలవలేం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దళితుల విషయంలో బడికీ, యుద్ధానికీ ఉన్న సంబంధం తలకిందులుగా ఉంటుంది. వించెస్టర్ పిల్లలు బడి నుంచి యుద్ధానికి పోయారు. మనవాళ్ళు యుద్ధం గుండా బడికి వచ్చారు.

బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ ఎవరు? సైన్యంలో సుబేదారు. సైనిక బడిలో చదువు చెప్పిన పంతులు. అంబేద్కర్ పుట్టింది మౌలో, సైనిక కంటోన్మెంటులో. ఊళ్ళో ఉన్న మహర్‌కు బడి గడప ఎక్కే హక్కు లేని రోజుల్లో, కంపెనీ సైన్యంలో చేరిన మహర్‌కు అక్షరాలు దొరికాయి. అతని పిల్లలకూ దొరికాయి. మన తాతలు జీతం కోసం పోయారు, తిండి కోసం పోయారు. కాని జీతంతో పాటు ఒక పలక కూడా ఇంటికి వచ్చింది. ఆ పలక రాంజీ చేతి నుంచి భీమరావు చేతికి వచ్చింది. రాజ్యాంగం దాకా పోయింది.

1890లలో ఆ దారి మూసేశారు. యుద్ధజాతులు అని ఒక సిద్ధాంతం తెచ్చి, ఫలానా కులాలే పోరాడటానికి పనికొస్తాయని తేల్చి, మహర్ల చేరిక ఆపేశారు. మద్రాసు సైన్యంలో దాదాపు అదే కాలంలో తెలుగువాళ్ళ చేరిక కూడా ఆగిపోయింది. మాజీ సిపాయి గోపాల్ బాబా వలంగ్కర్ దీని మీద వినతిపత్రం తయారుచేశారు. దీన్ని ఉద్యోగాల గొడవగా మాత్రమే చదవకండి. సైన్యం తలుపు మూస్తే బడి తలుపు మూసినట్టే. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహర్ దళాన్ని పెట్టారు. యుద్ధం అయిపోయాక 1921లో రద్దు చేశారు. మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అవసరం పడ్డాకే 1941లో మహర్ రెజిమెంటు పుట్టింది. అవసరానికి పిలవడం, తీరాక పొమ్మనడం. ఊళ్ళో చావు డప్పుకు పిలిచి, పెళ్ళి భోజనానికి చివరి బంతిలో కూర్చోబెట్టడం మనకు కొత్తా?

ఆ సుబేదారు కొడుకు సతారాలో బడికి పోతే ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనె పట్టా మీద, అందరికీ దూరంగా కూర్చున్నాడు. నీళ్ళు బంట్రోతు పోస్తేనే తాగాలి. తండ్రి ఆ ప్రభుత్వ సైన్యంలో ఏళ్ళ తరబడి చాకిరీ చేశాడు. అదే ప్రభుత్వపు బడిలో కొడుకుకు కుండ ముట్టే హక్కు లేదు.

ఇప్పుడు అదే సతారా బడి దేన్ని చూసి గర్వపడుతోంది? ఒక రిజిస్టర్‌ను చూసి. 1900 నవంబరు 7న ఆ అబ్బాయి బడిలో చేరినట్టు, భివా రాంజీ అంబేద్కర్ అని రాసిన ఒక పేజీని చూసి. మహారాష్ట్ర ప్రభుత్వం ఆ తేదీని విద్యార్థి దినంగా జరుపుతోంది. గమనించండి. ఆయనకు మొదట దక్కింది పాలరాతి మీద పేరు కాదు. రిజిస్టర్లో ఒక వరస. ఆ వరస లేకపోతే తర్వాతి విగ్రహాలేవీ లేవు. గోడ కంటే ముందు రిజిస్టర్.

ఇక మన బళ్ళ గోడలు చూద్దాం. నేను చదివిన సర్కారు బడిలో గోడలకు పాలరాతి పలకలు ఉండేవి. "ఈ గది కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం వారి కుమారులు కట్టించి ఇచ్చిరి." గేటుకు ఒకటి, బోరింగుకు ఒకటి, స్టేజీకి ఒకటి. అన్నీ ఊళ్ళో రెండు మూడు ఇంటిపేర్లే. మా వాడ నుంచి ఆ గదులకు ఇటుకలు మోసినవాళ్ళ పేర్లు లేవు. ఆ బడిలో చదివి సైన్యానికి పోయిన వాళ్ళ పేర్లు అసలే లేవు. డబ్బిచ్చిన వాడు బడికి బంధువు. చదివినవాడు వచ్చిపోయే చుట్టం. మీ ఊరి బడి గోడ కూడా ఒకసారి చూసి రండి. ఎవరి పేర్లున్నాయో కామెంట్లో రాయండి.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో మనవాళ్ళు 20 మంది చనిపోయారు. కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారని తెలుగువాళ్ళందరికీ తెలుసు. తెలియాలి కూడా. ఆయన త్యాగం ముందు నేను తల వంచుతాను. కాని మిగతా 19 మంది? నాయబ్ సుబేదార్లు, హవల్దార్లు, నాయక్‌లు, సిపాయిలు. వాళ్ళు ఏ బడిలో చదివారో మనలో ఒక్కరికైనా తెలుసా? 1971 యుద్ధంలో చనిపోయి పరమవీర చక్ర పొందిన వాళ్ళలో ఇద్దర్ని తీసుకోండి. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ సనావర్ లారెన్స్ స్కూలు విద్యార్థి అని ఆయన కథ చెప్పే ప్రతివాళ్ళూ చెబుతారు. లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్ ఆదివాసీ. రాంచీలో ఒక చౌరస్తాకు ఆయన పేరుంది. ఆయన ఏ బడిలో చదివాడని ఎవర్నయినా అడిగి చూడండి.

ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లున్నాయి. ఆఫీసరూ ఉన్నాడు, జవానూ ఉన్నాడు. దేశం పేరు రాసింది. మంచిదే. కాని బడి? ఖడక్‌వాస్లా అకాడమీకి చనిపోయిన తన విద్యార్థుల కోసం ప్రత్యేక మందిరం ఉంది. పెద్ద పెద్ద బోర్డింగ్ స్కూళ్ళకు ఫలకాలున్నాయి. జిల్లా పరిషత్ హైస్కూలుకు ఏముంది? జవాను ఎక్కడ నుంచి వస్తున్నాడు? జిల్లా పరిషత్ బడి నుంచి, సంక్షేమ హాస్టలు నుంచి వస్తున్నాడు. ఆఫీసరు చనిపోతే ఒక బడి ఏడుస్తుంది. జవాను చనిపోతే ఒక ఇల్లు మాత్రమే ఏడుస్తుంది.

కొన్నిచోట్ల ఊరు ఏడవడానికి కూడా ఒప్పుకోదు. 2016 జూన్‌లో కశ్మీరులోని పాంపోర్ దగ్గర దాడిలో చనిపోయిన ఒక సి.ఆర్.పి.ఎఫ్. జవాను శవం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ జిల్లాలో సొంత ఊరికి వచ్చింది. దళితుడు. ఊరి ఉమ్మడి భూమిలో దహనానికి, విగ్రహానికి ఆ కుటుంబం చిన్న జాగా అడిగితే పెద్దకులాల వాళ్ళు అడ్డుపడ్డారని, అధికారులు వచ్చి గంటల తరబడి మాట్లాడితే గాని ఒప్పుకోలేదని పత్రికలన్నీ రాశాయి. జెండా కప్పిన పెట్టె కూడా వాడ సరిహద్దు దాటలేదు. ఆ ఊళ్ళో ఆయన దేశానికి అమరవీరుడు, ఊరికి అంటరానివాడు. 2023 ఆగస్టులో "మేరీ మాటీ మేరా దేశ్" అని ప్రతి పంచాయతీలో అమరవీరుల పేర్లతో శిలాఫలకాలు పెట్టమన్నారు. పైనుంచి ఉత్తర్వు వస్తే రాయి వస్తుంది. ఆ రాయి మీద పేరు ఉన్నవాడి ఇంటికి ఊరి బావి నీళ్ళు వస్తాయా అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఉద్యమంలో ఉన్న మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. అది బలమైన అభ్యంతరమే. "యుద్ధం పాలకుల వ్యాపారం. స్మారకాలు పిల్లల్ని తుపాకి మేతగా తయారుచేస్తాయి. ఆ గోడల మీద మన పేరు కూడా కావాలని అడగడమంటే ఆ వ్యాపారంలో వాటా అడగడం కాదా?"

వించెస్టర్ లాంటి గోడలు చాలాసార్లు ఆ పని చేశాయి. కాదనను. చావును అందంగా చూపించి తర్వాతి తరాన్ని వరసలో నిలబెట్టాయి. పదిహేనేళ్ళు తిరిగేసరికి రెండో యుద్ధం వచ్చి, వాటి పక్కన ఇంకో వరస పేర్లు చేరాయి. కాని పేర్లు లేకపోవడం కూడా యుద్ధానికి అడ్డుపడలేదు కదా? బస్రాలో అంకెలు వేసినందుకు తర్వాతి యుద్ధంలో మనవాళ్ళు తక్కువ పోలేదు. పైగా పాలకుడికి ఖర్చు తగ్గింది. పేరు రాస్తే జవాబు చెప్పాలి. ఎవరు, ఎక్కడివాడు, ఎందుకు పోయాడు, ఎవరు పంపారు, పింఛను వచ్చిందా? అంకెకు ఈ ప్రశ్నలు ఉండవు. యుద్ధాన్ని ప్రశ్నించాలన్నా మొదట పేరు కావాలి. 2022 నుంచి అగ్నిపథ్ కింద నాలుగేళ్ళకు పోతున్న కుర్రాళ్ళలో నాలుగో వంతు మందినే ఉంచుకుంటామని చెప్పారు. ఆ కుర్రాళ్ళు ఏ బళ్ళ నుంచి పోతున్నారో బడివారీగా ఒక జాబితా ఉంటే, యుద్ధ భారం ఏ కులాల మీద, ఏ వాడల మీద పడుతోందో కళ్ళకు కడుతుంది. ఆ జాబితా కావాలి నాకు. పూలదండ కోసం కాదు, లెక్క కోసం.

ఇది ఇప్పుడే ఎందుకు మాట్లాడాలి? మన పిల్లలు ఇప్పుడు కొత్త దారిన సైన్యంలోకి పోతున్నారు. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక్ స్కూలు ఉంది. భువనగిరిలో ఆడపిల్లలను సైన్యానికి తయారుచేసే గురుకుల డిగ్రీ కాలేజీ ఉంది. సైనిక్ స్కూళ్ళలో ఎస్సీలకు 15 శాతం సీట్లున్నాయి. రాంజీ కాలంలో సైన్యం గుండా బడికి వచ్చిన వాళ్ళం, ఇప్పుడు బడి గుండా సైన్యానికి, అదీ ఆఫీసర్లుగా పోయే చోటికి వచ్చాం. రేపు ఈ బళ్ళకు కూడా గోడలు వస్తాయి. ఆ గోడ మీద ఏం రాయాలో నిర్ణయించే చోట మనం ఉండాలి.

అందుకని విద్యార్థి సంఘాల ముందు ఒక పని పెడుతున్నాను. మీరు చదివిన సర్కారు బడికి పోండి. హెడ్మాస్టరు గారిని అడిగి పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూడండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి ఆ ఊరి జవాన్ల వివరాలు అడగండి. వాడలో ముసలివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడండి. ట్రంకు పెట్టెలో పింఛను కాగితం, గోడకు యూనిఫారం ఫొటో ఉన్న ఇళ్ళు మీరు అనుకున్న దానికంటే ఎక్కువ ఉంటాయి. ఆ జాబితా తయారుచేయండి. హోదా వరసలో రాయకండి, చనిపోయిన తేదీ వరసలో రాయండి. వంటవాడు, డ్రైవరు, సఫాయి పని చేసినవాడు, అందరినీ చేర్చండి. తండ్రి పేరు పక్కన తల్లి పేరు రాయండి. ఏ వాడ నుంచి వచ్చాడో రాయండి. కులం దాచకండి. "నాక్" అనే తోక చెరిపేసి ఉంటే కోరేగావ్‌లో మనం ఉండేవాళ్ళమే కాదు.

ఆ జాబితా పక్కన ఇంకో జాబితా కూడా రాయండి. ఆ రిజిస్టర్లో చేరి, పదో తరగతి దాటకుండా మాయమైన వాళ్ళ పేర్లు. చదువు మానేసి పత్తి చేలకు పోయిన ఆడపిల్లలు. హాస్టల్లో జ్వరానికి, పాముకాటుకు, కలుషిత తిండికి పోయిన పిల్లలు. వాళ్ళు ఏ యుద్ధంలో చనిపోయారని అడుగుతారు. అడగనివ్వండి. మనకు తెలుసు.

వించెస్టర్ నుంచి మనం నేర్చుకోవాల్సింది రాతి పని కాదు. ఒక్కటే విషయం. తన రిజిస్టర్లో ఉన్న ఏ పేరునూ ఆ బడి వదులుకోలేదు. దాని అన్న వరస కాలేజీ అయితే శత్రువుగా మారినవాణ్ణి కూడా వదులుకోలేదు. మన బళ్ళు మన పిల్లల్ని బతికుండగానే వదులుకుంటున్నాయి. ముందు అది ఆగాలి. అప్పటిదాకా గోడ మీద పేరు కంటే రిజిస్టర్లో పేరు కోసమే కొట్లాడదాం. ఆ పేరు అక్కడ నిలబడితే, గోడ మీదికి ఎక్కించుకోవడం మనకు పెద్ద పని కాదు.

జాబితాలు తయారైతే నాకు పంపండి. ఎనిమిదో భాగం వాటితోనే మొదలుపెడతాను.

జై భీమ్.